పద్మ మీద పన్నెండు సాక్ష్యాలు

పద్మను టీమ్ లీడ్ చేసిన రోజే నాకు మొదటిసారి ఊపిరాడలేదు. అది తొంభైతొమ్మిది మార్చి. మాదాపూర్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తు. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు చూపిస్తాయేమోనని పరీక్షించడం మా పని. పద్మ నా తర్వాత ఏడాదికి చేరింది. ఆమెకు పని నేర్పింది నేనే. అందరితోపాటు చప్పట్లు కొట్టి లిఫ్ట్ ఎక్కాను. గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి.

"ఏంది మేడం, గిట్ల చెమటలు పడుతున్నయ్? దవాఖానకు పోతరా?" అన్నాడు లిఫ్ట్ నడిపే యాదగిరి.

గుండెపోటే అనుకున్నాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. "మీ గుండె నా గుండెకంటే బాగుందండీ," అన్నారు డాక్టరు. ఆ దడ మాత్రం మళ్లీ మళ్లీ వచ్చింది. లిఫ్ట్ మానేశాను, తర్వాత బస్సు మానేశాను. చివరికి కొత్తగూడలో మా ఇల్లు దాటలేదు. రెండు నెలల్లో తిరిగి చేరకపోతే ఉద్యోగం ఉండదని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

సైకియాట్రిస్ట్ ఇది ఉన్నట్టుండి భయం ముంచెత్తే పానిక్ డిజార్డర్ అని చెప్పి, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ అనే చికిత్స కోసం ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. బాధపెట్టే ఆలోచన రాసి, ఒకవైపు దానికి సాక్ష్యాలు, రెండోవైపు వ్యతిరేక సాక్ష్యాలు రాయమన్నారామె. ప్రోగ్రాములో తప్పు దొరికితే రోజు, సమయంతో సహా రాసే అలవాటు నాది. 'నన్ను కావాలని తొక్కేశారు' అనే ఆలోచననూ అలాగే రాశాను. ఏ మీటింగ్‌కు పిలవలేదో, నా పుట్టినరోజు కేకు పద్మ టేబుల్ మీద ఎందుకు కోయించారో, మొత్తం పన్నెండు సాక్ష్యాలు. రెండోవైపు ఖాళీ.

"ఇది హోంవర్క్ కాదమ్మా, ఛార్జిషీటు," అని ఆమె నవ్వారు. ఆ నవ్వును పదమూడోదిగా రాసుకున్నాను.

భయం విషయంలో మాత్రం సీబీటీ పనిచేసింది. భయపెట్టేదాన్నే కొద్దికొద్దిగా చేయమన్నారామె. బస్సెక్కి ఆఫీసుకు వెళ్లి, మొదట తలుపు తెరిచి ఉన్న లిఫ్ట్‌లో ఊరికే నిలబడ్డాను. తర్వాత ఒక అంతస్తు, ఆ తర్వాత రెండు. ఆరో వారంలో నాలుగో అంతస్తు చేరాను. తలుపు తెరుచుకుంటే ఎదురుగా పద్మ.

"వచ్చినవా అక్కా! ఏం ఫికర్ చెయ్యకు, నీ పని నేను చూసుకుంటున్న."

ఆ వారమంతా మళ్లీ ఇల్లు కదలలేదు.

"నా ఆలోచన తప్పని మీరు నిరూపించలేకపోయారు," అన్నాను సైకాలజిస్ట్‌తో.

"నిరూపించలేను. మీకు అన్యాయమే జరిగి ఉండొచ్చు. నిజాన్ని సీబీటీ అబద్ధం చేయదు. వెళ్లి మీ మేనేజర్‌నే అడగండి."

గడువుకు రెండు రోజుల ముందు తిరిగి చేరి, టీమ్ లీడ్ నాకెందుకు ఇవ్వలేదని మేనేజర్‌ను అడిగాను. "పని మీదే బాగుంటుందండీ. కానీ మీతో మాట్లాడాలంటే అందరికీ భయం. పద్మ మాత్రం మీకే ఇమ్మని పట్టుబట్టింది," అన్నాడాయన.

రెండోవైపు రాయక తప్పలేదు. చిన్న అక్షరాలతో రాశాను. పదవితోపాటు మంచితనం కూడా ఆమెకే దక్కింది!

ఇప్పుడు రోజూ ఆఫీసుకు వెళుతున్నాను. దడ వచ్చి నెలలైంది. అసూయ మాత్రం దాదాపు రోజూ వస్తుంది. దానితోనే కూర్చుని పని చేసుకుంటాను.

మీకూ సీబీటీ రాసిస్తే తప్పకుండా వెళ్లండి. ఇందులో ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు అని మొదటిరోజే అడగండి. నేను భయం తగ్గించుకోవడానికి వెళ్లి, పద్మ తగ్గలేదని ఆరు వారాలు పోట్లాడాను.