గుమ్మం దాటిన క్లారినెట్

మా చిన్నతమ్ముడు పోయాడని శనివారం పొద్దున, హూరాలో వాడుండే గది నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పుడే ప్రార్థన ముగించి లేచాను. మళ్ళీ మోకరించాను.

మాది బ్యాండు మేళం ఇల్లు. పెళ్ళికైనా చావుకైనా నాన్న క్లారినెట్ ముందు నడిచేది. భోజనం మాత్రం పందిరి బయట, అందరూ తిన్నాక. నేనుంటున్న బహ్రెయిన్‌కే తమ్ముడూ ఏసీ మెకానిక్‌గా వచ్చినప్పుడు ఆ క్లారినెట్ తెచ్చుకుని మంచం కింద దాచాడు. ఎవరైనా అడిగితే పైపుల సామాను అనేవాడు.

హూరాలో ఒక హోటల్లో ఏసీ బాగుచేస్తుండగా, అక్కడ సాక్సోఫోన్ వాయించే నల్లజాతి అమెరికన్ పెద్దాయనతో స్నేహం కుదిరింది. బానిసలుగా బతికిన తన పూర్వీకుల కోపమూ గర్వమూ జాజ్‌లో ఉన్నాయని ఆయన చెప్పాడట. ఆ శుక్రవారం తమ్ముడు నా దగ్గరికొచ్చి, ఇచ్చిన టీ కూడా ముట్టుకోలేదు.

"అక్కా, ఆళ్ళూ శవం ముందు బ్యాండు వాయించినోళ్ళేనంట. దాచుకోలేదు. మనవెందుకు దాచుకోవాలి?"

ఆ తర్వాత సెలవు దొరికిన సాయంత్రమల్లా ఆయన పక్కన నిలబడి క్లారినెట్ వాయించేవాడు.

ఒకసారి తుబ్లీలో మన తెలుగువాళ్ళ పెళ్ళిలో వాయించమని తమ్ముణ్ణి పిలిచారు. నేనూ వెంట వెళ్ళాను. తీరా వెళ్ళాక, బ్యాండువాళ్ళు గేటు దగ్గరుంటే చాలన్నాడు పెళ్ళిపెద్ద. ఇంటికి పోదాం పదమన్నాను. తమ్ముడు నవ్వాడు. "ఎల్లిపోతే ఆయనకి ఆయిగా ఉంటాదక్కా" అని అక్కడే మొదలుపెట్టాడు. పెళ్ళి పాటే. దాన్ని సాగదీసి, విరిచి, నాన్న మేళం దరువులోకి దించాడు. ముందు పిల్లలొచ్చారు. తర్వాత ఆకుల ముందు కూర్చున్నవాళ్ళూ లేచి వచ్చారు, పెళ్ళికొడుకుతో సహా. చివరికి పెళ్ళిపెద్దే గేటు దాకా వచ్చి, "లోపలికి రావయ్యా బాబూ, కూరలు చల్లారిపోతన్నాయి" అన్నాడు.

"ముందు మీరు పదండి బాబాయిగారూ. మీ ఎనకాలే వాయించుకుంటా వత్తాను."

ఆ రోజు మొదటి బంతిలో తిన్నాడు. పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"కోపాన్ని మింగకూడదక్కా, ఊదెయ్యాలి" అనేవాడు.

తమ్ముడి శవపేటికను ఊరికి పంపాక, నిన్న సాయంత్రం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో వాడి జ్ఞాపకార్థ ప్రార్థనకి కూడుకున్నాం. హోటల్ బ్యాండువాళ్ళు వచ్చి తలుపు బయటే ఆగారు. తాగే చోట వాయించే వాయిద్యాలు ఇక్కడికెందుకని పెద్దలు కొందరు గొణిగారు. నేను వెళ్ళి, ఆ సాక్సోఫోన్ పెద్దాయన చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తీసుకొచ్చాను. ఆయన ఒక తెలుగు కీర్తన ఎత్తుకున్నాడు. తమ్ముడు నేర్పాడట. అందరం కళ్ళు మూసుకున్నాం.

మధ్యలో తెరిచి చూశాను. కుర్చీల కింద, వరస పొడుగునా పాదాలు కదులుతున్నాయి. గొణిగినవాళ్ళవి కూడా.