తీసెయ్యమన్న ఫోటోలు

"...అంటే ప్రింట్లు తీసెయ్యమని అక్కా! డిస్కులోంచి తీసెయ్యమని ఎవడన్నాడు?"

"నువ్వన్నది ‘మిల్లువాళ్ళ ఫోటోలు తీసెయ్’ అని. అంతలో ఫోను కట్టయింది. డిస్కులో చోటు లేదు, చోటు లేదని వారంనుంచి నా ప్రాణం తోడేస్తున్నదెవరు?"

"అయితే చెత్తబుట్ట కూడా ఖాళీ చేసెయ్యాలా?"

"సగం పని చేసి లేవడం నాకు రాదు."

అంటూనే ఆమె వంగి కంప్యూటరు ప్లగ్గు పీకేసింది. నిన్నటి పెళ్ళి ఫోటోలు ఎక్కించబోతున్న తమ్ముడు, చేతిలో కెమెరా కార్డుతో అలాగే నిలబడిపోయాడు. మిల్లు ఫోటోలు ఒకప్పుడు ఆ కార్డులోనే ఉండేవి. వాటిని చెరిపేసి దానిమీదే పెళ్ళి తీశాడు.

ఊళ్ళో ఆమెను మచ్చలక్క అంటారు. పందొమ్మిదో ఏట తండ్రి స్టూడియోలో సన్నని కుంచె పట్టి, ఫోటోల్లో మనుషుల మొటిమలూ మచ్చలూ చెరపడం మొదలుపెట్టింది. కుంచె పోయి మౌసు వచ్చినా పని అదే. ఊరందరి మొహాలూ బాగుచేసింది కానీ, ఫోటో దిగినప్పుడు తన చెంపమీది పుట్టుమచ్చ జోలికి మాత్రం పోలేదు. తండ్రి పోయాక బోర్డుమీద తమ్ముడి పేరెక్కింది. కంప్యూటరు ముందు కుర్చీ మాత్రం ఆమెదే.

నెల కిందట బట్టల మిల్లు మూతపడిన రోజు, నూట నలభైమంది పనివాళ్ళు తమ తమ యంత్రాల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వాళ్ళలో ఆమె భర్త ఒకడు.

"మళ్ళీ పిలిచి తీద్దాంలే," అన్నాడు తమ్ముడు.

"దేని పక్కన నిలబెడతావురా? యంత్రాలన్నీ విప్పి లారీల్లో పట్టుకుపోయారుగా."

"పోనీ డిస్కు కాలిపోయిందని చెబుదాం. ఎవడొచ్చి చూస్తాడు?"

"నోరు ముయ్యి. చెరిపితే పోయేది ఏది ఎక్కడుందో చెప్పే పట్టికేరా. ఇంకోటి వచ్చి మీద కూచునేదాకా బొమ్మలు ఉన్నచోటే ఉంటాయి. నీ పెళ్ళి ఎక్కించావో, వీళ్ళందరూ గోవిందా."

"మరి పెళ్ళివాళ్ళకేం చెప్పను?"

"ఫోటోలు రెండ్రోజులు ఆలస్యమైతే విడాకులు తీసుకుంటారా ఏం?"

"షాపు నాదక్కా!"

"షాపు నీదే. తప్పు నాది. నా తప్పు జోలికి రాకు."

మరలు విప్పి డిస్కు బయటికి తీసింది. వెనక గదిలోని పాత కంప్యూటరుకు తగిలించి, దొరికినవి వేరే డిస్కులోకి చేరేలా పెట్టి, చెరిగిన బొమ్మల్ని వెతికే ప్రోగ్రామును నడిపింది. ప్రింట్ల కోసం వచ్చినవాళ్ళను ఎల్లుండి రమ్మంది.

ఫోటోలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. పేర్లు లేవు, వరస లేదు, ఉత్త అంకెలు. కొన్ని గడ్డందాకా వచ్చి, కింద బూడిదరంగు పట్టీగా ఆగిపోయాయి. నుదుటిమీది గాటును బట్టి ఒకరిని, చెవి పక్కన కాలిన గుర్తును బట్టి ఒకరిని పోల్చుకుంటూ, మిల్లువాళ్ళ జాబితాలో టిక్కు పెట్టుకుంటూ పోయింది.

రెండో రోజు మధ్యాహ్నం భర్త అన్నం క్యారియరు తెచ్చి, కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నాది వచ్చిందా?"

"రాలేదు."

"నా మొహానికేంలే, అద్దంలో రోజూ దొరుకుతుంది. మగ్గమే..." అంటూ క్యారియరు మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

సాయంత్రానికి నూట ముప్ఫై ఒకటి తేలాయి. తొమ్మిది లేవు. ఆమె మరోసారి మొదటినుంచీ వెతికించింది. అప్పుడూ తొమ్మిది లేవు.

"తొమ్మిదేగా!" తమ్ముడి మొహం వెలిగింది. "డిస్కు పాడైపోతే కిందా మీదా పడి ఇన్ని దక్కించామని చెప్పు. దణ్ణం పెడతారు నీకు."

ఆమె టిక్కు పడని తొమ్మిది పేర్లూ ఒక కాగితంమీద రాసి, దాన్ని మడిచి చేత్తో పట్టుకుని లేచింది.

"డిస్కుకేం కాలేదు. చెరిపింది నేనేనని తొమ్మిదిళ్ళకీ వెళ్ళి నేనే చెప్తాను. మా ఇంటినుంచే మొదలు."