గొంతు పోయాక రాసిన సమీక్ష

మా పెదనాన్న ఏళ్ల తరబడి రేడియోలో సినిమా సమీక్షలు చెప్పాడు. రిటైరయ్యాక సూర్యాపేట వచ్చి మా పై వాటాలో ఉంటున్నాడు. పోయినేడు గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాడు. ఇంట్లో నోరు మెదపనిదాన్ని అంతకుముందు నేనొక్కదాన్నే.

కోదాడలో ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు పెదనాన్నను సమీక్షలు రాసిమ్మన్నారు, వాళ్ల యాంకర్ చదువుతాడట. ఆ శుక్రవారం పెదనాన్న చాలా నెలల తర్వాత ఇస్త్రీ చొక్కా తొడిగాడు. మిర్యాలగూడలో మార్నింగ్ షోకి వెళ్లాం. ఇంటర్వెల్‌లో ఆయన సీట్లో కూర్చోడు. సమోసాల దగ్గర నిలబడి జనం మాటలు వింటాడు.

"హీరో ఏడుస్తుంటె నవ్వుతవేందిరా?" అన్నాడొకాయన పక్కవాడితో.

"ఆనికి ఏడ్సుడు రాదే. మా బర్రె నయం."

పెదనాన్న భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు రాలేదు.

ఇంటికొచ్చి రాశాడు. రేడియో అలవాటు ప్రకారం, ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా ఏటవాలు గీత పెట్టాడు. తండ్రి వేషం వేసిన ముసలి నటుడి గురించిన వాక్యం తర్వాత రెండు గీతలు. అక్కడ బాగా ఆగాలి.

ఆ కాగితాల జిరాక్స్ నేనే కోదాడ తీసుకెళ్లాను.

"ఈ గీతలేంటండీ, కొట్టేసినవా?" అన్నాడు యాంకర్.

"కాదు. అక్కడ ఆగాలి."

"ఆగితే జనం వేరే వీడియోకి పోతారండీ. పెద్దాయన రోజులు వేరు."

ఆదివారం ఫోన్లో విన్నాం. పెదనాన్న ఆగాల్సిన చోటల్లా మోకాలి మీద వేలితో తడుతున్నాడు. యాంకర్ గొంతు ఆ వేలిని దాటుకుంటూ పోయింది. ముసలి నటుడి వాక్యం చివర ఏదో డప్పుల సంగీతం మోగింది. పెదనాన్న తట్టడం మానేసి ఫోన్ బోర్లా పెట్టాడు.

'నువ్వు చదువు' అని పలక మీద రాశాడు.

చదివాను. ప్రతి గీత దగ్గరా ఆగాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక పలక తీసుకున్నాడు. రాశాడు: 'బాగ చదివినవ్ బిడ్డా. కాని అది నేను కాదు.'

మర్నాడు కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. "ఈ వారంది ఎప్పుడు పంపుతారండీ?"

పెదనాన్న వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు.

"ఇగ రాయరండీ," అన్నాను.

ఎందుకని అడుగుతారేమో, ఏం చెప్పాలా అని భయపడ్డాను. "సరేలెండి," అని పెట్టేశారు.