నాలుగింటి స్పానిష్ పాట

గల్ఫ్‌లో, అల్ సువైక్ అనే ఊళ్లో ఖర్జూరం తోటల వెనక ఒక పెద్ద ఇంట్లో ఏడేళ్లుగా పనిచేస్తోంది జైనబీ. ఊరు కడప జిల్లా ప్రొద్దుటూరు. అరబ్బీ పనికి సరిపడా వచ్చు. స్పానిష్ ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఒక స్పానిష్ పాటను మాత్రం మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా పాడుతుంది.

అది ఒక మెక్సికో సీరియల్ పాట. మాటలన్నీ అరబ్బీలోకి మార్చిన పుణ్యాత్ములు పాట జోలికి మాత్రం పోలేదు. సీరియల్ అయిపోతే మళ్లీ మొదటి నుంచి వేస్తారు. రోజూ నాలుగింటికి, అసర్ నమాజు అయ్యాక, జైనబీ అరబ్బుల కాఫీ ఖావా, ఖర్జూరాలు పళ్లెంలో పెట్టుకుని, ఆ పాటే పాడుకుంటూ ఇంటి పెద్దావిడ ముజ్నా గదిలోకి వెళ్లేది. ముజ్నాకు చూపు పోయింది. తెరమీద జరిగేదంతా జైనబీయే చెప్పాలి. పాటొచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ మాట్లాడేవారు కాదు.

ఒకరోజు ముజ్నా అడిగింది. "ఈ పాడే మనిషి ఎవరు? పిల్లలున్నారా?"

జైనబీ ఫోన్లో వెతికింది. ఒసూనా అనే గాయని ఫోటో దొరికింది. నెరిసిన తల, ఒళ్లో గిటారు. అంతకుమించి చదవడం ఆమెకు రాదు. తెలియదని చెప్పి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"ఒక కూతురుండాది ఉమ్మీ. మొగుడు ఎప్పుడో వదిలేసినాడు. ఆరేండ్ల బిడ్డను తల్లి కాడ ఇడిసిపెట్టి, పాడేదానికి పరాయి దేశం పోయింది."

అవన్నీ తన సంగతులే. కూతురు షబానాను ఆరేళ్లప్పుడు వదిలి వచ్చింది. మధ్యలో ఒక్కసారే ఇంటికెళ్లింది, అదీ నాలుగేళ్ల కిందట. తర్వాత రెండుసార్లు సెలవడిగితే, అమ్మను ఎవరు చూస్తారని ముజ్నా పెద్ద కూతురు రయ్యా వాయిదా వేసింది. మూడోసారి అడగడానికి జైనబీకే మనసొప్పలేదు. తను లేకపోతే ఆ చూపులేని మనిషికి టీవీ ఎవరు చెబుతారు? అడిగితే పోయేదేముంది అని మీరూ నేనూ అంటాం. మనకేం, ఎన్నయినా అంటాం.

అలా రోజుకో ముక్క చెబుతూ పోయింది. గాయని కూతురికి జ్వరం వచ్చింది. గాయని కూతురు ఫోన్లో సరిగా మాట్లాడడం మానేసింది. ముజ్నా ఆ మెక్సికో ఆవిడ కోసం దువా చేసేది. ఆ ఇంట్లో జైనబీ కష్టం విన్నది ఆమె ఒక్కతే, అదీ ఇంకొకరి పేరుమీద.

మొన్న చలికాలంలో ముజ్నా సోహార్ పట్నంలో ఆసుపత్రిలో చనిపోయింది. ఇంట్లో మూడు రోజుల సంతాపం. టీవీ ఆపేశారు. ముజ్నా గదినిండా ఆడవాళ్లు కూర్చుని ఖురాన్ చదువుతున్నారు. జైనబీకి వంటగదిలో ఏడవడానికి కూడా తీరిక లేదు. రెండో రోజు నాలుగైంది. చేతులు వాటంతటవే ఖావా కాచాయి. పళ్లెం పట్టుకుని, రోజూలాగే పాడుకుంటూ ఆ గదిలోకి నడిచింది.

చదువు ఆగిపోయింది. పాతికమంది తలలెత్తి చూశారు. చావింట్లో పాడకూడదని జైనబీకి ఒకరు చెప్పాలా? గబుక్కున పాట ఆపింది. రయ్యా లేచి, రెక్క పట్టుకుని వంటగదిలోకి తీసుకొచ్చింది.

"తప్పయిపోయిందమ్మా. అలవాటుకొద్దీ వచ్చేసినా," అంది జైనబీ.

రయ్యా కోప్పడలేదు. "రోజూ ఇలాగే పాడుకుంటూ వెళ్లేదానివా?"

జైనబీ తలూపింది.

"ఆసుపత్రిలో అమ్మ ఒకటే మాట పదేపదే చెప్పింది. ఆ పాడే మనిషికి కూతురుంది, నేను పోయాక ఇంక ఆపకుండా ఇంటికి పంపించండి అని. మతి తప్పి టీవీ మనిషి గురించి మాట్లాడుతోందనుకున్నాం." రయ్యా కళ్లు తుడుచుకుంది. "వచ్చే వారానికి నీకు టికెట్ తీస్తాను."

ముజ్నాకు అంతా తెలుసన్నమాట. తెలిసీ, జైనబీ సిగ్గుపడకుండా ఉండాలని, అన్నాళ్లూ గాయని గురించే అడిగింది.

నాలుగేళ్లుగా ఎదురుచూసిన మాట వినిపించినా జైనబీకి సంతోషం రాలేదు. షబానాకు చెబుదామని ఫోన్ తీసి, మళ్లీ పక్కన పెట్టింది. బిడ్డ దగ్గరికి వెళ్తున్నానని ముందుగా చెప్పుకోవాల్సిన మనిషి ఇప్పుడు ఆ గదిలో లేదు.