మూత తియ్యని డబ్బా

అవి మద్యనిషేధం రోజులు. క్రిస్మస్ సెలవుల్లో మైపాడు నుంచి నెల్లూరు బస్సెక్కాను. నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో గట్టిగా మూసిన రేకు డబ్బా ఉంది. సొంతంగా సినిమా తీస్తున్నాడట. నటించేవాళ్లు ఎక్కువగా గుమాస్తాలు, పంతుళ్లు. సెలవుల్లో తప్ప దొరకరు. పది రోజులుగా తిండీ నిద్రా లేకుండా సముద్రపు ఒడ్డున తీశానన్నాడు.

ఇందుకూరుపేట దగ్గర సారా కోసం సోదా చేస్తున్న పోలీసొకడు బస్సు ఆపి లోపలికొచ్చాడు.

"ఏందయ్యా దీంట్లో? మూత తియ్యి."

"వెలుతురు తగిల్తే ఫిల్మంతా పాడైపోద్ది సార్. కావాలంటే నన్ను స్టేషనుకు తీసకపోండి," అంటూ ఆయన డబ్బా మీద బోర్లా వంగిపోయాడు.

పోలీసు వంగి ఆయన చొక్కా పట్టుకున్నాడు. నేనే ధైర్యం చేసి, "సారా అయితే తొణుకుతుంది కదండీ, ఊపి చూడండి," అన్నాను.

పోలీసు డబ్బా లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తొణకలేదు. దాన్ని ఆయన చేతికిచ్చేసి విసుక్కుంటూ దిగిపోయాడు.

బస్సు కదిలాక ఆయన డబ్బాను మళ్లీ ఒళ్లో సర్దుకున్నాడు.

"పాడైతే వచ్చే సెలవుల్లో మళ్లీ తీసుకోలేరా?" అని అడిగాను.

"దీంట్లో పడవ నడిపిన తాతకు జబ్బండీ. అప్పటిదాకా ఆయన ఉండొద్దా?" అన్నాడు.

ఆయన పేరు అడగలేదు. ఆ తర్వాత మాత్రం ఏ పనికీ "సెలవుల్లో చూద్దాంలే" అనడం నా వల్ల కాలేదు.