దింపు కోసమేనండి

ఊరికి ఒక్క కారుంటే గొప్ప అనుకునే ఆ రోజుల్లో, దాన్ని నడపడం వచ్చినవాడి గీర ఇంతా అంతా కాదు. నాకు డ్రైవింగ్ వచ్చిన కొత్తలో కాళ్లు నేలమీద ఆనేవి కావు. కారు మా మావయ్యగారిది, ఎవరో వాడి వాడి వదిలించుకున్న అంబాసిడర్. మావయ్యగారు భారీ మనిషి. ఆ ఏడు జబ్బుచేసి మంచం పడితే, ఆయన లేచి తిరిగితే చాలు, మన తోట కొబ్బరికాయలతోనే నిలువెత్తు తులాభారం తూగిస్తానని మా అత్తయ్య అంతర్వేది స్వామికి మొక్కుకుంది. ఆయన లేచారు, తిరిగారు, భోజనం మీద పాత బాకీలన్నీ తీర్చుకోవడం కూడా మొదలుపెట్టారు.

తులాభారం మర్నాడు పొద్దున్నే. కొబ్బరికాయల బస్తాలు డిక్కీలో కుక్కి, వెనక సీటు మొత్తం మావయ్యగారికి ఇచ్చేసి (వెనక కూర్చుంటే అత్తయ్యకి కడుపులో తిప్పుతుంది, అందుకని ఆవిడ ముందు), అమలాపురం దాటేసరికి పొద్దు వాలిపోయింది. లైట్లు వేశాను. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, డిమ్ కొట్టమని మా వంశాన్ని కూడా కలిపి చెప్పి వెళ్లాడు. ఆ కార్లో డిమ్ కొట్టే స్విచ్చి ఎడమ కాలి కింద ఉండేది. తొక్కాను. రెండో బస్సువాడూ తిట్టాడు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూనే ఉన్నాను, వెలుగు మాత్రం రోడ్డు వదిలేసి చెట్ల తలల్లోకి పోతోంది. మావయ్యగారు వెనకనించి “దిగిందిరా?” అని అడగడం, నేను “లేదండి” అనడం.

పి.గన్నవరంలో కార్ల కరెంటు పనిచేసే షెడ్డు దగ్గర ఆపాను. వాళ్లిద్దరూ దిగి కాఫీ తాగుతుంటే షెడ్డాయన స్విచ్చి మార్చాడు, బల్బులు మార్చాడు. ఎదుటి గోడమీద వెలుగు చెప్పిన చోటికి బుద్ధిగా దిగింది. ఇంక ఢోకా లేదన్నాడు. మావయ్యగారు ఎక్కారు, కారు ఒక్క నిట్టూర్పు విడిచింది, బయల్దేరాం. నాలుగు చెట్లు దాటామో లేదో వెలుగు మళ్లీ మట్టల్లో ఉంది. ఇది కరెంటు పని కాదు, గాలో ధూళో అని అత్తయ్య కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

రాజోలు దాటాక ఒక మలుపులో, ఒక తోట పక్కన ఆపేసి మళ్లీ స్విచ్చి మీద పడ్డాను. వెలుగు గెలల మీదికి పోవడం, కాస్త కిందికి రావడం, మళ్లీ పోవడం. తోటలోంచి అరడజను మంది కర్రలతో వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. (మా కోనసీమలో దింపంటే చెట్టుమీంచి కాయలు దించడం. ఆ నెలంతా ఆ తోటలో దొంగ దింపులు జరుగుతున్నాయని మాకేం తెలుసు?) వాళ్లలో పెద్దాయన, ఆ తోట ఆసామి, మావయ్యగారి కిటికీలోకి వంగాడు.

“ఏవనుకోకండి. తమరు దింపుకొచ్చేరాండి?”

మావయ్యగారు లైటు సంగతే అనుకున్నారు. “ఆయ్. దింపు కోసమేనండి. అమలాపురం కాణ్ణించీ తంటాలు పడతన్నాం, దిగి చావట్లేదు.”

నా గుండె జారి ఆ స్విచ్చి పక్కన పడింది. పెద్దాయన కూడా బిత్తరపోయాడు. ఇంత మర్యాదగా ఒప్పుకునే దొంగని ఆయన అదే మొదటిసారి చూడటం. డిక్కీ తీయించారు. బస్తాల నిండా కొబ్బరికాయలే. పోలీసులు, జైలు, తెల్లారితే తప్పిపోయే మొక్కు, అన్నీ ఒక్కసారే కనిపించాయి. అత్తయ్యే తులాభారం సంగతంతా చెప్పింది.

“అలాగైతే అయ్యగార్ని తూచేద్దారండి,” అన్నాడు పెద్దాయన.

బస్తాలు తోటలో పాకలోకి మోశారు. కాయలు తూచే పెద్ద కాటాలో ఒకవైపు అవి, ఒకవైపు మావయ్యగారు. నేను వెనక్కి తిరిగి చూస్తే, ఆర్పడం మరిచిపోయిన కారు లైట్లు తల దించుకుని రోడ్డునే చూస్తున్నాయి. ఎవరూ ఏ స్విచ్చీ తొక్కలేదు. బస్తాల బరువూ మావయ్యగారి బరువూ కలిసి కారు వెనక్కి కుంగితే, మూతి ఆకాశానికి లేచిందన్నమాట! అది నాకు తట్టేలోపే కాటా దగ్గర ఇంకో పిడుగు పడింది. మావయ్యగారు నేలకి ఆనిపోయారు, కాయలు గాల్లో ఉన్నాయి. మొక్కుకున్ననాటి బరువుకే కాయలు కట్టాం, ఆ తర్వాత ఆయన అంత ఒళ్లు చేశారు! దేవుడి ముందు మాట పోయేదని అత్తయ్య ఏడ్చేసింది.

పెద్దాయన కాటా వంక చూశాడు. “దొంగలైతే ఎక్కువ తెత్తారు గానీ తక్కువ తేరండి,” అని, తన కుప్పలోంచి ముల్లు సరిపడేదాకా కాయలు వేయించాడు. మన తోటవే కావాలన్న మొక్కు గుర్తొచ్చి నేను అత్తయ్య వంక చూశాను. ఆవిడ అప్పటికే ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేసింది, అన్నగారి తోట మన తోట కాకుండా ఎలా పోతుంది? అక్కణ్ణించి మావయ్యగారు ముందు సీట్లో కూర్చున్నారు, అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక. వెలుగు రోడ్డు విడిచిపెట్టలేదు. మొక్కూ తీరింది.

ఇప్పుడు నా కారులో లైటు ఎత్తు దించడానికి స్టీరింగు పక్కన చిన్న చక్రమే ఉంది, తిప్పే అవసరం రాదు. మావయ్యగారు పోయి చాలా కాలమైంది, వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే. రాజోలు దాటాక ఆ మలుపులో ఎదురెవరూ రాకపోతే ఒక్కసారి లైటు పైకి వేసి, ఆ చెట్ల తలలు చూసి, దించేస్తాను. దిగిందిరా అని ఎవరూ అడగరు. అయినా నేను “ఆయ్” అంటాను.