గుట్ట కింది ఇంటికి చేపముల్లు యాంటెన్నా

నిన్న ఆదోనిలో బస్సు దిగి మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటుంటే, ఎదురు మిద్దె మీద చేపముల్లులాంటి యాంటెన్నా కనబడింది. ముందు పొట్టి కడ్డీ, దాని వెనక కొంచెం పొడుగుది, ఆ వెనక ఇంకా పొడుగుది. బజ్జీలు చల్లారిపోతున్నా దాన్నే చూస్తూ నిలబడ్డాను. అలాంటిదొకటి నా చేతులతో చేశాను మరి!

అప్పుడు నేను కోసిగి దారిలో, గుట్ట కింది ఊర్లో, అవ్వ దగ్గరుండి మగ్గం నేస్తున్నాను. అమ్మానాన్నలు మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయారు. ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలి. ఆ యేడు అవ్వ మోకాళ్లు మొరాయించాయి. కూతుర్ని, అంటే మా అమ్మను, చూసి నెలలయింది. "దాని మొగం మర్సిపోతానేమో అమ్మీ" అని నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అవ్వ కొడుకు, మా మామ, ఎమ్మిగనూరులో టీవీలు బాగుచేస్తాడు. సిమ్ వేసే వైఫై డబ్బా తెచ్చి పెడితే దానికీ సిగ్నలు అందలేదు. మిద్దె మీదకి యాంటెన్నా కావాలని బొమ్మ గీసిచ్చి, కడ్డీలు కోయమని నాకు చెప్పి పోయాడు. బొమ్మ చూసి నవ్వుకున్నాను. మగ్గంలో పోగులు దూర్చే దువ్వెనను పన్నె అంటాం. దాని పళ్లలో ఒక్కటి తేడా వచ్చినా చీర పాడు. మామ తొందరలో ఎగుడుదిగుడుగా గీసినట్టున్నాడని, కడ్డీలన్నీ ఒకే పొడవున, ఒకే ఎడంతో ముచ్చటగా బిగించాను. సిగ్నలు గీత ఒకటి మిణుకుమని పోయింది.

మామ వచ్చి తల పట్టుకున్నాడు. "ఇదేమన్నా పన్నె అనుకున్యావా? సిగ్నలంటే గాల్లో వచ్చే అలలు. ఒకే పొడుగు కడ్డీలు ఒగ రకం అలకే పలుకుతాయి. టవరు అన్ని రకాలూ పంపుతాది!"

"ఏది ఎంతుండాల్నో నాకెట్ల తెలుస్తాది మామా?"

తగరపు రేకు తెచ్చి, దాన్ని పళ్లు పళ్లుగా కత్తిరించి చూపించాడు. "మిగిలిన రేకు ఏ ఆకారమో, తెగిన ఖాళీ గూడ అదే ఆకారం."

"రెండు రంగుల అంచు మాదిరి" అంది అవ్వ. "ఏది నేలో ఏది పువ్వో సెప్పలేము."

"అదేనమ్మా! అట్లాంటి రేకు పొట్టి అలైనా పొడుగు అలైనా డబ్బాకు పోయే తీగకు ఒకే మాదిరి అందిస్తాది. కాకపోతే అంతు లేనంత రేకు కావాల. మనకాడ యాడుంది? అందుకని పళ్లను ఒకే వంతున పెంచుకుంటా పోతారు, ఏ అలకు తగిన పన్ను దానికి దొరుకుతాది. రేకు తీసి కడ్డీలు పెట్టినా ఆ వంతు పోదు. ఖాళీ, రేకూ సరిసమానం అనేది పోతాది గానీ, ఈ కడ్డీల పుట్టిల్లు మాత్రం ఆ రేకే. రేకులో పన్నుకెదురుగా ఖాళీ ఉండాది సూడు, అందుకే నడుమ రెండు తీగలు పెట్టి, కడ్డీలను ఒగదాన్ని ఈ తీగకు, ఇంగోదాన్ని ఆ తీగకు మార్చి మార్చి కట్టాల."

మార్చి మార్చి కట్టడం నాకు చెప్పాలా? పోగు పైన, పోగు కింద! బొమ్మలో ఉన్న పొడవులకే కడ్డీలు కోసి, సాయంత్రానికి కట్టేశాను. మామ మిద్దె మీద దాన్ని టవరు వైపు తిప్పుతుంటే, నేను కింద నుంచి "ఇంగొంచెం! ఇంగొంచెం!" అని అరిచాను. పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ చేతిలోని ఫోనులో అమ్మ ముఖం వచ్చింది. ముక్కుపుడకతో సహా, స్పష్టంగా!

"అమ్మా, వెనక అన్నం మాడుతాండాది, సూసుకో!" అంది అమ్మ.

"ఓయమ్మ! ఆడుండి ఈడ నా అన్నం సూస్తాండాదే!" అని అవ్వ పగలబడి నవ్వింది. ఈసారి నవ్వు ఆగలేదు. నేను వేసిన కేకకి వీధివీధంతా బయటికొచ్చింది.

ఆ మాడిన అన్నమే అందరం ఆవురావురుమని తిన్నాం. గడిచిన కాలం వెనక్కి రాదంటారు గానీ, గెలిచిన పూట ఎన్నేళ్లకూ చల్లారదు.